లక్ష క్రిములు, సవాలక్ష సందేహాలు

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్న మా ఇంట్లో గిన్నెలు తోముతున్న ఆమె పని మధ్యలో ఆపి మూడుసార్లు బాత్‌రూంలోకి వెళ్ళొచ్చింది. మూడోసారి వచ్చాక కొంగుతో మొహం తుడుచుకుంటూ "మస్తు ఏడి చేసిందక్కా, సబ్జగింజలున్నయా ఇంట్ల?" అనడిగింది. ఎన్నాళ్ళయిందంటే నాలుగు రోజులంది. జ్వరముందా అంటే లేదంది. మంటగా వుందా అనడిగితే కాసేపు నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, "మిరపకాయ రాసినట్టున్నది" అంది. ఇంట్లో మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

ఆమె ప్రగతి నగర్‌లో తెల్లవారక ముందే మొదలుపెట్టి మూడిళ్ళలో పని ముగించుకుంటుంది. తర్వాత షేర్ ఆటోలో జె.ఎన్.టి.యు. దాకా వెళ్ళి, అక్కణ్ణించి హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ డ్యూటీకి పోతుంది. రాత్రి ఎనిమిదింటి దాకా ఆ భవనంలో బాత్‌రూములు కడగడమే ఆమె ఉద్యోగం. "మరి అక్కడే వెళ్ళొచ్చుగా?" అన్నాను తెలివితక్కువగా. "కడగనీకి పోవాలె గాని పోనీకి పోవద్దక్కా. మాకు కింద సెల్లార్ల ఒకటున్నది. సూపర్‌వైజర్‌కి చెప్పి పోవాలె. మగాయన. ఎన్నిసార్లని చెప్తం? అందుకే నీళ్ళే తాగను" అంది.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఆమెకు ఏ డాక్టరు దగ్గరికెళ్ళాలో, ఏ పరీక్ష చేయించుకోవాలో చెప్పి పంపాను గానీ, ఆ పూటంతా నన్ను వేధించిన ప్రశ్న మాత్రం చరిత్రది. "నాకు మంటగా వుంది" అని ఒక స్త్రీ చెప్తే ఆ మాట సాక్ష్యంగా చెల్లుబాటు కావడానికి ఎంతకాలం పట్టింది? అసలు ఆ మాట నోరు దాటి బయటికి రావడానికి ఎంతకాలం పట్టింది?

"వేడి చేసింది" అనే మాటతోనే మొదలుపెట్టాలి. తెలుగిళ్ళలో ఈ మాట ఎంత సౌకర్యమైందో మనందరికీ తెలుసు. ఏ అవయవం పేరూ ఎత్తకుండా, మామగారి ముందైనా బావగారి ముందైనా చెప్పుకోగల జబ్బు అది. వినగానే పెద్దవాళ్ళు బార్లీ నీళ్ళు కాస్తారు, సబ్జాగింజలు నానబెడతారు, కొబ్బరిబోండాం తెప్పిస్తారు. మా అమ్మమ్మ పల్లేరుకాయల కషాయం పెట్టేది. ఇవన్నీ ఉత్త మూఢనమ్మకాలేమీ కావు. చరక సంహిత మూత్రకృచ్ఛ్రం పేరుతో ఈ బాధని ఎనిమిది రకాలుగా విభజించి వివరించింది. పల్లేరు అక్కడి గోక్షురమే. పైగా ఈ చిట్కాలన్నిటిలోనూ ఉమ్మడిగా వుండేది నీళ్ళు. నీళ్ళు ఎక్కువ తాగడం వల్ల మేలే తప్ప కీడు లేదు.

కీడు ఆ మాటలో వుంది. వేడి చేసిందంటే కారణం నువ్వు తిన్న మామిడిపండో, నువ్వు తిరిగిన ఎండో, నీ ఒంటి తత్వమో అవుతుంది. దానికి డాక్టరు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. మా అమ్మ తమ్ముణ్ణి మోస్తున్నప్పుడు ఏడోనెలలో రెండు వారాలు ఇలాగే వేడి చేసిందని మజ్జిగ తాగుతూ గడిపింది. తర్వాత చలిజ్వరం, నడుముకి ఒక పక్క పోటు, నెలలు నిండకుండా కాన్పు. ఆ బిడ్డ మూడు రోజులు బతికాడు. మా ఇంట్లో దాన్ని దిష్టి అన్నారు. అది మూత్రపిండానికి పాకిన ఇన్ఫెక్షన్ అయివుండొచ్చని నాకు తట్టేసరికి అమ్మ లేదు.

స్త్రీల జబ్బులు అచ్చులోకి వచ్చిన తీరు కూడా చూడాలి. మద్రాసులో కేసరి కుటీరం నడిపిన డాక్టర్ కె.ఎన్. కేసరి 'లోధ్ర' అనే మందుని తెలుగు స్త్రీలకు ఇంటింటి పేరుగా మార్చారు. 1928లో ఆయనే 'గృహలక్ష్మి' పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక మన తొలితరం రచయిత్రులకు ఎంత చోటిచ్చిందో ఈ పాఠకులకి చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ళకి జబ్బులుంటాయి, వాటిని పేరుపెట్టి అడిగి మందు తెప్పించుకోవచ్చు అనే ధైర్యం ఆ రోజుల్లో చిన్నది కాదు. కానీ స్త్రీల వ్యాధి అంటే గర్భసంచి వ్యాధి అనే చూపు అప్పటినించి ఇప్పటిదాకా మన వెంటే వుంది. పొత్తికడుపులో ఏ బాధ వున్నా నెలసరి లెక్కలోకో కాన్పు లెక్కలోకో పోతుంది. మూత్రాశయం అనే అవయవం కూడా మనకి వుందన్న సంగతి డాక్టర్లతోపాటు మనమూ మర్చిపోతాం.

ఆ అవయవం కథ నిజానికి చాలా సాదా కథ. 1885లో జర్మన్ పిల్లల వైద్యుడు థియోడోర్ ఎషెరిష్ పసిపిల్లల మలంలో ఒక బాక్టీరియాని గుర్తించాడు. ఇప్పుడు దాన్ని ఆయన పేరుతోనే ఇ.కోలై అంటున్నాం. మన పేగుల్లో మామూలుగా కాపురముండే క్రిమి అది. అక్కణ్ణించి మూత్రమార్గంలోకి పాకితే గోడకి అతుక్కుని పెరుగుతుంది. మామూలు మూత్రకోశ ఇన్ఫెక్షన్లలో నాలుగింట మూడు వంతులు దీని పనే. మగవాళ్ళలో మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్ల పొడవుంటే మనకి 4 సెంటీమీటర్లే. క్రిమికి మన దగ్గర దారి దగ్గర. స్త్రీలలో సగం మందికి పైగా బతుకులో ఒక్కసారన్నా ఈ జబ్బు పడతారు. ఇంతమందికి వచ్చే జబ్బు ఇంత గుట్టుగా ఎలా వుండగలిగిందన్నదే ఆశ్చర్యం.

బోస్టన్‌లో ఒక అంకె

1956లో బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు ఒక చిక్కుముడి విప్పాడు. మూత్రాన్ని సీసాలో పట్టేటప్పుడు చర్మం మీది క్రిములు కూడా అందులో పడతాయి. కల్చర్‌లో క్రిములు పెరిగితే అవి మూత్రాశయంలోవా, బయటివా? కాస్ లెక్కగట్టి ఒక గీత గీశాడు. ఒక మిల్లీలీటరులో లక్షకి తగ్గకుండా వుంటే అది నిజమైన ఇన్ఫెక్షన్, అంతకన్నా తక్కువైతే బయటి కలుషితం కావచ్చు. ఆ రోజుల్లో మూత్రాశయంలోకి గొట్టం వేసి నమూనా తీసేవారు. ఆ గొట్టంతోనే కొత్త ఇన్ఫెక్షన్లు వచ్చేవి. ఆ బాధని ఈ అంకె తప్పించింది. అంతకన్నా పెద్ద మేలు గర్భిణులకు జరిగింది. ఏ బాధా లేకుండా మూత్రంలో క్రిములున్న గర్భిణులకు మందివ్వకపోతే వారిలో పాతికశాతం దాకా మూత్రపిండాల ఇన్ఫెక్షన్‌లోకి వెళ్తారని తెలిసింది. గర్భిణికి తొలినెలల్లోనే మూత్రపరీక్ష చేయాలనే నియమానికి పునాది అక్కడుంది. ఆ నియమం మా అమ్మ వున్న ఊరికి చేరివుంటే మూడు రోజులు బతికిన నా తమ్ముడు ఈరోజు ముసలివాడై వుండేవాడేమో.

కానీ అంకెలకి ఒక దుర్గుణముంది. గర్భిణుల కోసం, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళ కోసం గీసిన గీతని వైద్యలోకం అందరికీ వర్తింపజేసింది. మంటతో మెలికలు తిరుగుతూ వచ్చిన స్త్రీ రిపోర్టులో లక్షకి తక్కువుంటే ఆమెకి ఇన్ఫెక్షన్ లేనట్టే. మరి మంట? దానికి 'యురెత్రల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. కారణం తెలియని బాధ అని దానర్థం. ఆచరణలో అది నరాలు, మనసు, సంసారంలో అసంతృప్తి అయింది.

నేనూ ఆ గీతకి కిందపడినదాన్నే. 1984లో ఒక జిల్లా పట్టణంలో జూనియర్ కాలేజీలో పనిచేసేదాన్ని. లెక్చరర్లలో ఇద్దరమే ఆడవాళ్ళం. ఆడవాళ్ళ బాత్‌రూం తాళంచెవి ప్రిన్సిపాల్ టేబుల్ సొరుగులో వుండేది. అడగలేక పొద్దున్న ఇంట్లో కాఫీ కూడా మానేసేదాన్ని. నెలలో రెండోసారి మంట వచ్చినప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. రిపోర్టులో నలభై వేలని వచ్చింది. డాక్టరు కాగితం చూసి, నన్ను చూడకుండా, మా ఆయనతో "ఏమీ లేదండీ. కొత్తగా పెళ్ళయింది కదా, కాస్త నరాల బలహీనత. మనసు కుదుటపడితే అదే తగ్గుతుంది" అన్నాడు. నిద్రమాత్రలు రాశాడు. మా ఆయన మంచివాడే. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నేను ఆ మాత్రలు వేసుకుని నిద్రపోయాను కూడా. పదకొండో రోజున 103 డిగ్రీల జ్వరంతో, వాంతులతో, వీపు కుడిపక్క పోటుతో ఆస్పత్రిలో చేరాను. పది రోజులు. ఆ పది రోజుల్లో నన్ను బాధపెట్టింది జ్వరం కన్నా నా మీద నాకు కలిగిన అనుమానం. చదువుకున్నదాన్ని, నా ఒంట్లో మంట నాకు నిజంగా వుందో లేదో తేల్చుకోలేకపోయాను.

చాలా ఏళ్ళ తర్వాత నేను తెలుసుకున్న సంగతి ఇది. ఆ డాక్టరు నా రిపోర్టు చూడ్డానికి రెండేళ్ళ ముందే, 1982లో, సియాటిల్‌లో వాల్టర్ స్టామ్ బృందం తమ పరిశోధన ప్రచురించింది. మంటతో వచ్చిన స్త్రీల మూత్రాశయం నించి నేరుగా నమూనా తీసి, మామూలుగా సీసాలో పట్టిన నమూనాతో పోల్చి చూశారు. మూత్రాశయంలో నిజంగా క్రిములున్న స్త్రీలలో లక్ష గీత పట్టుకోగలిగింది 51 శాతాన్నే. మిగతా సగాన్ని ఆ గీత 'ఏమీ లేదు' అని ఇంటికి పంపుతోంది. మంట వున్న స్త్రీలో మిల్లీలీటరుకి వంద క్రిములున్నా అది ఇన్ఫెక్షనే అని వాళ్ళు తేల్చారు. నా నలభై వేలు వందకి ఎన్ని రెట్లో నేను చాలాసార్లు లెక్కేసుకున్నాను.

ఇంకో ఇరవై ఏళ్ళకి, 2002లో, స్టీఫెన్ బెంట్, ఆయన సహపరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళాల్సిరావడం - ఈ రెండూ వుండి, తెల్లబట్టా యోనిలో దురదా లేకపోతే, ఆ స్త్రీకి మూత్రకోశ ఇన్ఫెక్షన్ వుండే అవకాశం 90 శాతం పైనే అని తేలింది. రంగుకాగితం పరీక్షలో ఏమీ కనబడకపోయినా అంత బలమైన అనుమానాన్ని కొట్టిపారేయకూడదని కూడా తేలింది. వైద్యశాస్త్రం తన పద్ధతిలో, తన అంకెల్లో, చివరికి ఒప్పుకున్నది ఇదే: ఈ జబ్బులో అన్నిటికన్నా మంచి పరీక్ష ఆ స్త్రీ చెప్పే మాట. నిజానికి ఆ రంగుకాగితం వెనకా ఒక స్త్రీ వుంది. మూత్రంలో ముంచి చూసే మొదటి చక్కెర పరీక్ష కాగితాన్ని, కాస్ లక్ష గీత గీసిన 1956లోనే, హెలెన్ ఫ్రీ అనే రసాయన శాస్త్రవేత్త తన భర్తతో కలిసి తీసుకొచ్చింది. నైట్రైట్‌నీ తెల్లకణాలనీ చూపే గళ్ళు తర్వాత వచ్చి చేరాయి.

అదే బోస్టన్‌లో ఇంకో గది

కాస్ పనిచేసిన బోస్టన్ నగరంలోనే 1969లో కొందరు స్త్రీలు ఒకచోట కూర్చుని తమ శరీరాల గురించి, తమ డాక్టర్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటల్లోంచి 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' పుట్టింది. లండన్‌లో ఏంజెలా కిల్‌మార్టిన్ అనే గాయని ఏళ్ళతరబడి ఈ జబ్బుతో బాధపడి, 1970ల మొదట్లో 'యు అండ్ ఐ క్లబ్' అని బాధితుల సంఘం పెట్టింది, పుస్తకం రాసింది. నువ్వూ నేనూ అన్న ఆ పేరులోని రెండక్షరాలే యూరినరీ ఇన్ఫెక్షన్‌కీ పొడి అక్షరాలు.

మన దగ్గర ఆ గది హైదరాబాదులో తెరుచుకుంది. స్త్రీశక్తి సంఘటన స్త్రీలు, డాక్టర్లూ డాక్టర్లు కానివాళ్ళూ కలిసి, ఏళ్ళ తరబడి చర్చించి తయారుచేసిన 'సవాలక్ష సందేహాలు' 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా వచ్చింది. ఆ పనిని ఆధారం చేసుకుని వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ ఇంగ్లీషులో తెచ్చిన పుస్తకం 2004లో వెలువడింది. ఆ తెలుగు పుస్తకం పేరు చూసినప్పుడల్లా నాకు నా రిపోర్టు గుర్తొస్తుంది. లక్ష క్రిములుంటేనే జబ్బన్న శాస్త్రానికి సవాలక్ష సందేహాలతో జవాబు చెప్పినట్టుంటుంది. పెద్ద పరిశోధనలేవీ చెయ్యకుండానే ఆ పుస్తకం చేసిన పని ఏమిటంటే, మన ఒంటి భాగాలకి సిగ్గుపడని తెలుగు పేర్లు పెట్టడం, డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలని ప్రశ్నలుగా రాసి చూపించడం. 1984లో నా చేతిలో ఆ పుస్తకం వుంటే "నలభై వేలు ఎందుకు లెక్కలోకి రాదు?" అని అడిగేదాన్నని చెప్పలేను. కానీ నా మంట మీద నాకు అనుమానం వచ్చేది కాదు.

మందు మన వీధిలోదే

ఇక మందుల చరిత్రకొస్తే, అది మన ఇంటి చుట్టూనే తిరుగుతుంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పనిచేసింది. వాళ్ళకి కొరతగా వున్నదేదో ఆహారంలో వుందని పట్టుకుంది. దాన్నే తర్వాత ఫోలిక్ యాసిడ్ అన్నారు. 1945లో అమెరికాలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మనం ఫోలిక్ యాసిడ్‌ని తిండిలోంచి తీసుకుంటాం, ఇ.కోలై దాన్ని తనే తయారుచేసుకుంటుంది. ఆ తయారీని అడ్డుకుంటే క్రిమి ఆగుతుంది, మనకి పెద్ద నష్టముండదు. సల్ఫా మందులు చేసే పని అదే. జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్‌ల ప్రయోగశాలలో పుట్టిన ట్రైమెథోప్రిమ్ అదే దారిలో ఇంకో మెట్టు దగ్గర కాపలా కాస్తుంది. ఈ రెండూ కలిపితే సెప్ట్రాన్. మా తరానికి మూత్రంలో మంటంటే సెప్ట్రానే. బొంబాయి మిల్లు కూలీల రక్తం నించి ఆ మాత్ర దాకా వున్న దారిలో ఎందరు స్త్రీలున్నారో చూడండి. మాత్ర వెనక అట్టమీద వాళ్ళెవరి పేరూ వుండదు.

తర్వాతి అధ్యాయం అచ్చంగా మా చుట్టుపక్కలది. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సోవియట్ సహాయంతో బాలానగర్ దగ్గర మందుల కర్మాగారం కట్టింది. 1970 పేటెంట్ చట్టం మందుకి కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అక్కడ పని నేర్చినవాళ్ళు, ఆ చట్టం ఇచ్చిన వెసులుబాటు, రెండూ కలిసి జీడిమెట్ల, బాచుపల్లి, బొల్లారం, పటాన్‌చెరుల్లో మందుల పరిశ్రమ పుట్టింది. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి వచ్చిన అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్‌కి దేశంలో పేరు తెచ్చిన మొదటి బ్రాండు నోరిలెట్. అంటే నార్‌ఫ్లాక్సాసిన్. మూత్రకోశ ఇన్ఫెక్షన్ల మందే. 1980ల చివర్నించి నార్‌ఫ్లాక్సాసిన్, దాని వెనకే సిప్రోఫ్లాక్సాసిన్ ప్రతి మెడికల్ షాపు లోనూ చీటీ లేకుండా దొరికేవి. "మంటగా వుంది" అని కూడా అనక్కర్లేకుండా "ఆ మాత్ర" అంటే ఇచ్చేవాళ్ళు. మూడు మాత్రలు వేసుకుని మంట తగ్గగానే ఆపేసేవాళ్ళం. డాక్టరు ముందు నోరు విప్పాల్సిన అవసరాన్ని ఆ మాత్ర తప్పించింది. మన సిగ్గుకీ ఆ మాత్ర అమ్మకానికీ మంచి స్నేహం కుదిరింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నించి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించింది. శుద్ధి చేశాక కూడా ఆ నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ వుంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో వుండేదానికన్నా అది ఎక్కువ. వాగుల్లోని క్రిములు రోజూ ఆ మందు తాగుతూ దానికి అలవాటుపడతాయి. ఎవరి ఒంట్లో వున్న మొండి క్రిమి ఏ నీటిలోంచి వచ్చిందో వేలుపెట్టి చూపించలేం. మందుల దుర్వినియోగం, ఆస్పత్రులు, కోళ్ళఫారాలు కూడా అందులో భాగస్తులే. కానీ ఫలితం మాత్రం భారత వైద్య పరిశోధనా మండలి నివేదికల్లో ఏటా కనబడుతోంది. ఆస్పత్రుల్లో దొరికే ఇ.కోలైలో సగానికి పైగా సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగడం లేదు. స్నాయువులు దెబ్బతినడం లాంటి ప్రమాదాల వల్ల మామూలు మూత్రకోశ ఇన్ఫెక్షన్‌కి వేరే దారి వున్నంతవరకు ఈ జాతి మందులు వాడొద్దని 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా చెప్పింది.

ఇప్పుడు మళ్ళీ 1953 నాటి పాతమందు నైట్రోఫ్యురాంటోయిన్ ముందుకొచ్చింది. మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కి అది ఐదు రోజులు, లేదా ఫాస్ఫోమైసిన్ పొడి నీళ్ళలో కలిపి ఒక్కసారి. ఇవి డాక్టరు రాయాల్సినవే. జ్వరం, చలి, వాంతులు, నడుం పక్కన పోటు వుంటే అది మూత్రపిండం దాకా వెళ్ళిందని అర్థం. అక్కడ ఈ రెండు మందులూ చాలవు, ఆలస్యం పనికిరాదు. గర్భిణులకి, షుగరున్నవాళ్ళకి, మళ్ళీమళ్ళీ వచ్చేవాళ్ళకి మందుకి ముందే కల్చర్ చేయించాలి. మొదటి ధార వదిలేసి మధ్యలోది శుభ్రమైన సీసాలో పట్టి, రెండు గంటల్లో ల్యాబుకి చేర్చాలి. బాధేమీ లేకుండా రిపోర్టులో మాత్రం క్రిములు కనబడితే, గర్భిణులకి తప్ప మామూలుగా మందక్కర్లేదు. నెలసరి ఆగిన మనబోటి వాళ్ళకి మాటిమాటికీ వస్తుంటే యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము మేలు చేస్తుందని 1993లోనే రుజువైంది. నాకు అది 60 ఏళ్ళు దాటాక గానీ ఎవరూ చెప్పలేదు. ముసలామెకి అక్కడ మందేమిటన్న మొహమాటం డాక్టర్లకీ వుంటుంది.

తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఈ జబ్బు గురించి స్త్రీలకి చెప్పే నీతులన్నీ శుభ్రత చుట్టూ తిరుగుతాయి. ఎటునించి ఎటు తుడుచుకోవాలి, ఏ లోదుస్తులు వేసుకోవాలి, ఎన్నిసార్లు కడుక్కోవాలి. పరిశోధకులు వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించి చూస్తే, వీటికీ జబ్బుకీ చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. గట్టిగా నిలబడింది నీళ్ళే. రోజుకి లీటరున్నరలోపే తాగే అలవాటుండి, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది స్త్రీలతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. సగం మంది చేత రోజూ ఇంకో లీటరున్నర తాగించారు. ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే, తాగనివాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. మురికి మనిషివి అని మనసులో అనుకుని మనల్ని చూసిన లోకం, నీళ్ళు తాగడానికి ఏది అడ్డమో మాత్రం అడగలేదు.

అడిగింది పనిచేసే స్త్రీలే. ముంబైలో 2011 నించి రైట్ టు పీ ఉద్యమం నడిచింది. కోజికోడ్ బట్టల దుకాణాల్లో అమ్మాయిలు కూర్చునే హక్కు కన్నా ముందు అడిగింది మరుగుదొడ్డినే. విజి నాయకత్వంలో వాళ్ళు పోరాడితే 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చింది. మన దగ్గర 2019లో యాభై రోజులకి పైగా సాగిన ఆర్టీసీ సమ్మె తర్వాత, డిసెంబరు 1న ముఖ్యమంత్రి కార్మికులతో సమావేశమై ప్రతి డిపోలో స్త్రీలకి విడిగా మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు కట్టిస్తామని ప్రకటించారు. అంటే ఏళ్ళ తరబడి మన బస్సుల్లో టికెట్లు కొట్టిన స్త్రీలు అప్పటిదాకా ఎలా గడిపారో ఆ ప్రకటనే సాక్ష్యం. స్కూళ్ళలో మరుగుదొడ్లు కట్టమని 2012లో, న్యాయస్థానాల్లో కట్టమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. న్యాయం చెప్పే చోటే ఈ గది లేదు.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అప్పట్లో మా వైపు ఇంకా బండరాళ్ళూ చెరువులే. ఇప్పుడు ప్రగతి నగర్ అపార్టుమెంట్లలోంచి రోజూ వేల మంది అమ్మాయిలు ఆ అద్దాల భవనాలకి వెళ్తారు. వాళ్ళకి అక్కడ మంచి బాత్‌రూములున్నాయి. ఇది మనం గెలిచిందే, కాదనను. అయితే వాటిని కడిగే చెయ్యి వాటిని వాడుకోకూడదన్న నియమం ఎక్కడా రాసి వుండదు. మనం చరిత్ర రాసేటప్పుడు రాసి వున్న నియమాలనే వెతుకుతాం. రాయనివి ఒంట్లో రాసి వుంటాయి.

మా ఇంటికొచ్చే ఆమెకి కల్చర్‌లో ఇ.కోలై వచ్చింది. సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగనిది, నైట్రోఫ్యురాంటోయిన్‌కి లొంగేది. ఐదు రోజుల్లో తగ్గింది. రిపోర్టు తెచ్చి చూపిస్తూ "డాక్టరమ్మ ఏమడుగుతదో ముందే చెప్పి పంపినవు గద, గందుకే మంచిగ చెప్పిన" అంది. ప్రభుత్వ కేంద్రాల్లో మంగళవారాలు స్త్రీల కోసం 2023 మార్చిలో మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఈ జబ్బు పేరు కూడా వుందని చెప్తే, ఎనిమిదింటి దాకా డ్యూటీ వున్నదానికి మంగళవారమేంటి బుధవారమేంటి అని నవ్వింది.

రెండు వారాల తర్వాత ఒక కాగితం, పెన్ను అడిగింది. తనతో పనిచేసే ఇంకో నలుగురికీ ఇదే బాధట. డాక్టరు దగ్గర ఏం చెప్పాలో రాసిమ్మంది. నేను ఆలోచిస్తుంటే తనే చెప్పింది: "మంట. మాటిమాటికి. తెల్లబట్ట లేదు. జెరం లేదు. అయింత రాయి చాలు." బెంట్ బృందం అధ్యయనాలన్నీ తిరగేసి తేల్చింది కూడా ఆ మాటలే. రాసిచ్చాను. కింద ఇంకో వాక్యం రాయమంది. "మేము పని చేసే అంతస్తులో బాత్‌రూం వాడుకోనియ్యాలె." అది డాక్టరుకి కాదు కదా అన్నాను.

"తెలుసక్కా. అది వేరే కాగితం మీద రాయి. ఐదుగురం వేలిముద్రలేస్తం" అంది. ఒక్క క్షణం ఆగి, "వేలిముద్ర కాదు, సంతకాలు" అంది.